మూడో బ్లాకులో నాలుగు పాయింట్లు

"బూట్లు దులుపుకొని రండి. ఆ మంచు నా సర్వర్ గదిలో కరిగితే ఊరుకోను."

కామ్షత్ నాతో ఎదురుగా నిలబడి అన్న మొదటి మాట అది.

ఆ గొంతు మాత్రం నాకు ఏడాదిన్నరగా తెలుసు. అస్తానా నగరంలో మా కంపెనీ ఫోన్ దగ్గర కూర్చునేది నేనే. పెద్ద పెద్ద భవనాల్లో వేడినీ, గాలినీ, దీపాలనూ నడిపే సాఫ్ట్‌వేర్ ఎక్కడ మొండికేసినా ఫోన్ నాకే వస్తుంది. బురాబాయ్ సరస్సు ఒడ్డునున్న శానటోరియం నుంచి వారం వారం ఒకమ్మాయి ఫోన్ చేసేది. "కువానిష్ గారూ, మా లైసెన్స్‌లో ఇంకెన్ని ఖాళీలు మిగిలాయో చూసి చెప్పండి" అనేది. చూసి చెప్పేవాణ్ణి. ఆ తర్వాత చలి గురించీ, వాళ్ళ వంటింటి పిల్లి గురించీ, నేను మాడబెట్టుకున్న కూర గురించీ అరగంట మాట్లాడుకునేవాళ్ళం. అస్తానా రమ్మని అడిగిన ప్రతిసారీ "డ్యూటీ" అనేది.

ఇప్పుడు ఆ గొంతుకి ముఖం దొరికింది. చలికి కందిన బుగ్గలు, చెవుల మీదికి లాక్కున్న ఉన్ని శాలువా, నిద్ర చాలని కళ్ళు. ఫోన్లో అన్నిటికీ నవ్వే పిల్ల ఎదురుగా నవ్వలేదు.

"నేను కువానిష్‌ని," అన్నాను.

"తెలుసు. ఫోన్లో ఇంకాస్త పొడుగ్గా వినిపించారు."

బూట్లు మళ్ళీ ఒకసారి దులుపుకున్నాను.

నేను వచ్చిన పని చిన్నదే. మా సాఫ్ట్‌వేర్‌ని లెక్క ప్రకారం అమ్ముతాం. సర్వర్ కనిపెట్టి చూసే ప్రతి వస్తువూ ఒక పాయింటు. ఒక థర్మామీటర్ ఒక పాయింటు, వేడినీళ్ళ గొట్టం మీద వాల్వ్ ఒక పాయింటు, ఒక దీపం ఒక పాయింటు. ఈ శానటోరియం ఎనిమిది వందలకు లైసెన్స్ కొనుక్కుంది. శరదృతువులో మందుల గదులకు కొత్త థర్మామీటర్లు బిగించారు. దాంతో లెక్క ఎనిమిది వందల నాలుగుకి చేరింది. హద్దు దాటగానే సాఫ్ట్‌వేర్ గొడవేమీ చెయ్యదు. స్క్రీన్ పైన ఒక ఎర్ర పట్టీ వేసి, మిగిలిన గడువు చూపిస్తూ ఊరుకుంటుంది. గడువు అయిపోయిందా, ఇక ఆ స్క్రీన్ మీంచి ఏ ఆజ్ఞా పోదు.

వాళ్ళ గడువు మర్నాడు మధ్యాహ్నంతో సరి. బయట మైనస్ ముప్ఫై ఏడు. బురాన్, అంటే మా మంచు తుఫాను, అప్పుడే మొదలైంది. గాలి మంచును పట్టుకొని కిటికీలకేసి కొడుతోంది. ఒకటో బ్లాకులోనూ రెండో బ్లాకులోనూ ఊపిరితిత్తుల జబ్బుతో అరవై మంది పడకల మీదున్నారు.

"కొత్త లైసెన్స్ కొనచ్చుగా పెద్దమ్మా?" అని శానటోరియం డైరెక్టర్ రౌషన్‌ని అడిగాను. ఆవిణ్ణి అక్కడ అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు.

"కొనాలంటే టెండర్ వెయ్యాలి. అది తేలేసరికి చెట్లు చిగురిస్తాయి బాబూ. నువ్వే ఎలాగోలా నాలుగు తగ్గించి పో. రాత్రికి మాంసం దట్టించి బేష్‌బర్మక్ పెడతా. నిన్ను చూస్తే గాలికి పోయేలా ఉన్నావు."

కామ్షత్ మొదటిసారి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఇలాంటి లెక్కలు చాలా చూశాను. ఒకే థర్మామీటర్‌ని రెండు పేర్లతో ఎక్కించేస్తారు. ఎప్పుడో పీకి పారేసిన ఫ్యాన్‌ని తీసెయ్యడం మరిచిపోతారు. అవి ఏరేస్తే లెక్క దానంతటదే దిగొస్తుంది. ఇక్కడ అలాంటివి ఒక్కటీ దొరకలేదు. ఈమె తన స్క్రీన్‌ని వెండి సామాను తోముకున్నట్టు తోముకుంది.

అన్నీ చూసుకుంటూ వెళ్తే అడుగున నాలుగు పాయింట్లు తగిలాయి. పేర్లు లేవు. మూడో బ్లాక్ అని మాత్రం ఉంది. ఒక థర్మామీటర్, ఒక వాల్వ్, ఒక దీపం, గదిలో మనిషి ఉన్నాడో లేడో చెప్పే సెన్సార్.

"మూడో బ్లాక్ మూసేశారన్నారు కదా?"

"మూసేశాం. కప్పు దిగబడింది."

"మరి ఇక్కడ ఇరవై రెండు డిగ్రీలు చూపిస్తోందేంటి?"

"చూపిస్తుంది."

"సరే, మనకేం. వెతకబోయినవి కాళ్ళకే తగిలాయి. ఈ నాలుగూ తీసేస్తే..."

ఆమె చెయ్యి వచ్చి మౌస్ మీదున్న నా చేతిని గట్టిగా పట్టుకుంది. ఏడాదిన్నరగా ఈ చెయ్యి పట్టుకోవాలని కలలు కన్నవాణ్ణి. ఇలా మాత్రం కాదు. ఆ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"వాటిని ముట్టుకోకండి," అంది.

నేను నోరు తెరిచేలోపు స్క్రీన్ మీద చిన్న చుక్క పచ్చగా మారింది. నాలుగో పాయింటు దగ్గర 'ఖాళీ' అన్న మాట పోయి 'ఉన్నారు' అన్న మాట వచ్చింది.

"అక్కడెవరు?" అన్నాను.

"తెలీదు."

"తెలీదంటే?"

"అతిథిని ఎవరని అడక్కూడదు కదా."

"కామ్షత్ గారూ, మూసేసిన బ్లాకులో అతిథేంటండీ!"

ఆమె లేచి కోటు తొడుక్కుంది. "నమ్మకపోతే రండి. బూట్లు ఎలాగూ తడుస్తాయి."

రెండో బ్లాక్ నుంచి మూడో బ్లాక్‌కి అద్దాల గోడల వంతెన ఉంది. రెండు పక్కలా మంచు తప్ప ఏమీ కనిపించలేదు. గాలి అద్దాలను ఒకే చోట పదే పదే తట్టింది. అది గాలేనని నాకు నేను చెప్పుకుంటూ నడిచాను.

చివర ఇనుప తలుపుకి తాళం. పొద్దున తనే వేశానంది. అప్పటికే దాని మీద మంచు పేరుకుపోయింది. గీకితే గాని చెవి దూరలేదు. లోపల పొడుగాటి వరండా. నేలంతా తెల్లటి మంచుపొర పరుచుకొని ఉంది. ఆ పొర మీద పొద్దున ఆమె వెళ్ళొచ్చిన చిన్న చిన్న అడుగులు ఉన్నాయి. ఇంకెవరివీ లేవు. నేను వంగి మరీ చూశాను.

"లోపల ఎవరూ లేరు," అన్నాను ధైర్యంగా. "సెన్సార్ పాడైంది. మార్చేద్దాం."

ఆమె చివరి గది తలుపు తోసింది. వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. తడిసిన గొర్రెతోలు కోటు వాసన వచ్చింది.

గదిలో ఒక మంచం, మడత నలగని దుప్పటి, నేల మీద ఉన్ని నమదా తివాచీ, బల్ల మీద గిన్నెడు బావుర్సాకులు, నూనెలో వేయించిన పిండి ఉండలు. కిటికీ దగ్గర దీపం సరస్సు వైపు వెలుగుతోంది. మంచం దగ్గర్నుంచి కిటికీ దాకా నేల మీద తడి అడుగులు ఉన్నాయి. పెద్ద బూట్లవి. అంచుల్లో మంచు ఇంకా కరుగుతూనే ఉంది. తలుపు దగ్గర మాత్రం ఒక్క అడుగూ లేదు. కిటికీ రెక్కలకు లోపలి నుంచి టేపు అంటించి ఉంది.

నా కాళ్ళు నన్ను అడక్కుండానే వెనక్కి తిరిగాయి. కామ్షత్ మాత్రం మూలనున్న గుడ్డ తీసి, రోజూ చేసే పనిలా మోకాళ్ళ మీద కూర్చుని ఆ తడి తుడవడం మొదలుపెట్టింది.

"రోజూ ఇంతేనా?"

"బురాన్ వచ్చినప్పుడే."

"దొంగేమో!"

"దొంగైనా చలిలో వచ్చాడు కదా. గట్టిగా మాట్లాడకండి, భయపడుతున్నట్టు తెలిసిపోతోంది."

"భయమా? నాకా?"

"మీ టోపీ చేతిలో నలిగిపోతోంది ఇంజనీరు గారూ."

తడి తుడిచేశాక ఆమె కిటికీ దగ్గర నిలబడింది. నా వైపు చూడకుండా చెప్పింది.

"నాకు ఆరేళ్ళప్పుడు జ్వరం ముదిరింది. మందు కోసం నాన్న గడ్డకట్టిన సరస్సు మీదుగా అవతలి ఊరికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆకాశం బాగానే ఉంది. వచ్చేటప్పుడు బురాన్ పట్టుకుంది. ఆ రోజు ఇక్కడ కరెంటు లేదు. ఒక్క దీపం కనిపించినా నాన్న ఒడ్డు చేరేవాడు. మంచు కరిగాక సరస్సంతా గాలించారు. ఏమీ దొరకలేదు. టోపీ కూడా."

నేను చేతిలో నలిగిన టోపీని సాపు చేశాను.

"తాతయ్య ఇక్కడ బాయిలర్ చూసేవాడు. అప్పట్నుంచీ ఈ గది వెచ్చగా ఉంచాడు. దేవుడు పంపిన అతిథికని అందరికీ చెప్పేవాడు. దారితప్పి ఎవరొచ్చినా వెచ్చదనం ఉండాలి, తిండి ఉండాలి, దీపం వెలగాలి. కంప్యూటర్లు పెట్టినప్పుడు బిగించేవాళ్ళని బతిమాలి ఈ గదినీ అందులో కలిపించాడు. పోయిన ఏడాది పోయేముందు ఇది నాకప్పగించాడు."

"సెన్సార్ కూడా తాతయ్యే పెట్టించాడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "అది నేను పెట్టించాను. నాన్న వచ్చిన రోజు నాకు తెలియాలి కదా."

"'ఉన్నారు' అని వచ్చినప్పుడు ఎప్పుడైనా వచ్చి చూశారా?"

"మొదట్లో పరుగెత్తుకొచ్చేదాన్ని. తలుపు తీసేసరికి ఎవరూ ఉండరు. తడి మాత్రం ఉంటుంది. అందుకని రావడం మానేశా. పొద్దున తిండి పెట్టేసి, స్క్రీన్ ముందు కూర్చుని చూస్తుంటా. ఇవాళ మీరు పక్కన ఉన్నారు కాబట్టి రాగలిగా."

"అంటే ఆ డ్యూటీ..."

"అదే ఈ డ్యూటీ."

చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని, ఆ క్షణం నాకు జాలి కంటే ముందు అసూయ కలిగింది. నా కోసం ఒక్క రోజు సెలవు పెట్టని పిల్ల, కనిపించని మనిషి కోసం ఏడాదంతా కళ్ళు కాయలు కాచేలా కూర్చుంది. జాలి ఆ తర్వాత వచ్చింది. వచ్చాక మరి పోలేదు.

తిరిగి సర్వర్ గదికి వచ్చేసరికి పొద్దు వాలిపోతోంది. ఎర్ర పట్టీ అలాగే ఉంది.

"నా గదిలో థర్మామీటర్ తీసెయ్యండి, వాల్వ్ కూడా," అంది. "కోటు వేసుకొని పడుకుంటా."

"అవి రెండే."

"వంటింటి దీపాలు?"

"పెద్దమ్మ నన్నే ఉడకబెడుతుంది. అయినా ఆవిడ చీకట్లో నూనె పోసుకుంటే ఎవరిది పాపం?"

"మెట్ల దగ్గరవి?"

"ముసలివాళ్ళు పడిపోరా? కామ్షత్, అవతల అరవై మంది దగ్గుతున్నారు. ఆ నాలుగూ ఉంచుతానంటే రేపు మధ్యాహ్నం ఈ స్క్రీన్ చచ్చిపోతుంది. రాత్రికి చలి ఇంకా ముదిరితే ఏ వాల్వూ నీ మాట వినదు. గొట్టాలు పగిలితే ఆ మూడో బ్లాకులో నీ గదీ వెచ్చగా ఉండదు. అప్పుడేం చేస్తావు నువ్వు?"

"నువ్వా? ఎప్పట్నుంచి?"

"కోపం వచ్చినప్పట్నుంచి."

"అయితే నేనూ అంటా. నువ్వు చచ్చినా ఆ గది చల్లబరచనివ్వను. విన్నావా నువ్వు?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి. నేను కుర్చీలో కూలబడ్డాను. అప్పుడే నా బుర్రకి వెలిగింది. ఏడాదిన్నరగా ఫోన్లో అందరికీ చెప్పే మాట నాకే గుర్తు రాలేదు.

"చల్లబరచక్కర్లేదు," అన్నాను మెల్లిగా. "లైసెన్స్ లెక్కపెట్టేది సర్వర్ చూసేవాటినే. వేడెక్కేవాటిని కాదు. ఆ గది గోడకి చిన్న పెట్టె ఉంది చూశావా? దానికి చెప్పేస్తే చాలు. ఇరవై రెండు డిగ్రీలు అదే ఉంచుతుంది, పొద్దువాలగానే దీపం అదే వెలిగిస్తుంది. సర్వర్ ఆ గదిని వదిలెయ్యాలి. అంతే. గది ఇప్పుడున్నట్టే ఉంటుంది."

ఆమె ముఖం ఒక్కసారి వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"నాకు కనిపించదు."

"కనిపించదు."

"నాన్న వచ్చినా తెలీదు."

"తెలీదు," అన్నాను. 

మూడో బ్లాకుకి వెళ్ళి పెట్టెకి చెప్పాల్సినవి చెప్పి ఒంటరిగా తిరిగొచ్చాను. ఎలా వెళ్ళానో అడక్కండి, పాట పాడుకుంటూ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కామ్షత్ స్క్రీన్ ముందు అలాగే కూర్చుని ఉంది. గదిలో దీపం వెయ్యలేదు. నాలుగో పాయింటు పచ్చగా వెలుగుతోంది. ఉన్నారు.

"అది నువ్వున్నప్పుడు వచ్చింది కాదు," అంది. "నువ్వు వంతెన దాటి ఇటు వచ్చేశాక వచ్చింది."

నేను వెనక తలుపు వైపు ఒకసారి తిరిగి చూశాను. ఆమె మాత్రం ఆ చుక్కనే చూస్తూ మాట్లాడింది.

"తాతయ్య తిండి పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు. ఎవరొచ్చారు, ఎంత తిన్నారు అని ఒక్కనాడూ అడగలేదు. నేనేమో రోజంతా గుమ్మంలో నిలబడి 'నువ్వేనా, నువ్వేనా' అని అడుగుతూనే ఉన్నాను. అలా నిలదీస్తే ఏ అతిథి కుదురుగా కూర్చుంటాడు?"

మౌస్ తనే తీసుకుంది. థర్మామీటర్ తీసేసింది. వాల్వ్ తీసేసింది. దీపం తీసేసింది. నాలుగో దాని దగ్గర ఆగింది. "నాన్నా, తిని పడుకో" అని మెల్లిగా అని, కళ్ళు మూసుకొని నొక్కేసింది.

లెక్క ఎనిమిది వందలకు దిగింది. ఎర్ర పట్టీ పోయింది. కామ్షత్ బల్ల మీద తల పెట్టుకొని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. నేను నా కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. తెలియనప్పుడే నా నోరు ఊరుకోదు.

"నాకు పోయిన వేసవిలో ప్రమోషన్ ఇస్తామన్నారు. వద్దన్నాను."

ఆమె తల ఎత్తింది. "ఎందుకు?"

"వాళ్ళిచ్చే కొత్త గదిలో ఫోన్ లేదు."

 ఏడుపు మధ్యలో ఒక నవ్వు జారిపోయింది. అది ఫోన్లో విన్న నవ్వే.

"నువ్వంటే నాకు ప్రాణం కామ్షత్. నాతో అస్తానా వచ్చెయ్. పెళ్ళి చేసుకుందాం."

"రేపు పొద్దున చెప్తా. ఇవాళ ఏం చెప్పినా ఏడుస్తూనే చెప్పాలి."

రాత్రి భోజనాల దగ్గర పెద్దమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే అర్థం చేసుకుంది. నా పళ్ళెంలో మాంసం కుప్ప పోస్తూ కామ్షత్‌తో అంది. "ఆ గది ఇక నాకొదిలెయ్యవే. మీ నాన్నని నీకంటే ముందు ఎరిగినదాన్ని. రోజూ నేను పెడతా బావుర్సాకులు. నువ్వు వెళ్తానంటే నీ ఇష్టం." కామ్షత్ పళ్ళెంలోది తినకుండా కెలుకుతూ కూర్చుంది. వెళ్ళాలనీ ఉంది, ఆ గదిని వదిలి వెళ్ళడానికి ఒకరు ఒప్పుకోవాలనీ ఉంది. అది పెద్దమ్మ ఇవ్వగలిగిన ఒప్పుకోలు కాదు. నాకు ఆ మాంసం సహించలేదు.

తెల్లారేసరికి బురాన్ ఆగిపోయింది. ఎండ వంతెన అద్దాల మీద మెరుస్తోంది. కామ్షత్ వేడి బావుర్సాకులు గుడ్డలో కట్టుకొని బయలుదేరింది. నేనూ వెంట వెళ్ళాను. తాళం మీద మంచు గట్టిగా బిగిసిపోయింది. వరండాలో మా నిన్నటి అడుగులు తప్ప కొత్తవి లేవు.

తలుపు తీసింది. గది పొడిగా ఉంది. నేల మీద తడి లేదు. గొర్రెతోలు వాసన లేదు.

బల్ల మీద ఒక టీ గిన్నె ఉంది.

నిన్న అది అక్కడ లేదు. ఆ గదిలో పొయ్యి లేదు, కెటిల్ లేదు. పాలు పోసిన టీ, పైన ఆవిరి తిరుగుతోంది. ఇంటివాళ్ళు కూర్చునే వైపు, అంటే తలుపు వైపు పెట్టి ఉంది. అంచు దాకా నింపి ఉంది. ఇంకొక్క చుక్క పోస్తే పొంగిపోతుంది.

 మా ఇళ్ళల్లో వచ్చినవాళ్ళకి టీ గిన్నె ఎప్పుడూ సగమే పోస్తాం. సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే, నోటితో చెప్పలేం కాబట్టి, ఇక బయలుదేరమని.

"నువ్వు పెట్టావా?" అంది కామ్షత్, నా వైపు తిరక్కుండానే.

"ఒట్టు. నేను కాదు."

"నాకు తెలుసు. నీకు టీ పెట్టడం రాదు."

ఆమె బల్ల ముందు కూర్చుంది. రెండు చేతులతో గిన్నె పట్టుకొని, ఒక్క చుక్క ఒలకకుండా ఎత్తింది. మెల్లిగా తాగింది. బుగ్గల మీంచి కన్నీళ్ళు జారి అందులో పడుతున్నా ఆపలేదు. చివరి దాకా తాగి, ఖాళీ గిన్నె బల్ల మీద పెట్టింది. పక్కన వేడి బావుర్సాకులు సర్దింది. ఎవరివైపో తల వంచి లేచింది.

గుమ్మం దాటాక అడిగింది.

"అస్తానాలో మీ ఇల్లు వెచ్చగా ఉంటుందా?"

"ఉండదు. వంటింటి కిటికీ సరిగ్గా మూసుకోదు," అన్నాను. ఆ వరండాలో అబద్ధమాడే ధైర్యం నాకు లేదు.

కామ్షత్ వెనక్కి చూడకుండా తలుపు దగ్గరికి వేసింది. నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.

"బాగుచేసుకుందాంలే," అంది.